ఆగిపోయిన డిగ్రీ: డబ్బు లెక్క, గంటల లెక్క

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అట్టపెట్టెల్లోకి ఎక్కని వస్తువు ఒకటి ఉంది. అది మా ఆవిడ సర్టిఫికెట్ల ఫైలు. దాన్ని ఆమె తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుంటుంది. అందులో టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు, బీకాం మొదటి రెండేళ్ల మార్కుల మెమోలు ఉన్నాయి. మూడో ఏడాది మెమో లేదు. 2004లో మా పెళ్లయింది, నా పోస్టింగు వేరే రాష్ట్రంలో, చదువు అక్కడ ఆగింది. "అక్కడికి వెళ్లాక చూద్దాంలే" అన్నది నేనే. ఆ తరువాత ఐదు ఊళ్లు మారాం.

2022లో, బాబు తొమ్మిదో తరగతిలోకి వచ్చాక, ఒక రాత్రి అన్నం తింటూ ఆమె అడిగింది: "ఏమండీ, ఆన్‌లైన్‌లోనో ఓపెన్ యూనివర్సిటీలోనో డిగ్రీ పూర్తి చేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?"

బ్యాంకు ఆఫీసరుని కదా, వెంటనే క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాను. ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీకి మొత్తం లక్షన్నర దాకా చెబుతున్నారు. ఓపెన్ యూనివర్సిటీ అయితే ఏడాదికి పదివేల లోపు. అటుపక్క "ప్రయోజనం" అని రాసి, ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు కాబట్టి దాని ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టాను. ఆమె కాగితం చూసి ఒక్క మాట అంది: "ఫీజు వేశారు, పుస్తకాలు వేశారు. నేను చదవాల్సిన గంటలెక్కడ? వాటికి సున్నా వేశారా?"

నేను ఎంబీఏ చదివినవాణ్ణి. ఒక పని కోసం వదులుకునే మరో పని విలువను కూడా ఖర్చులో కలపాలని అందులో మొదటి సెమిస్టరులోనే చెబుతారు. అయినా ఇంట్లో మనిషి సమయం దగ్గరికి వచ్చేసరికి నా కాగితంలో ఆ గడే లేదు. ఈ వ్యాసం ఆ గడి గురించే. ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయాలనుకునే భార్యలు, భర్తలు, ఉద్యోగం చేస్తూ చదివే పిల్లలు, క్లరికల్ నుంచి పైకి రావాలనుకునే మన సహోద్యోగులు చాలామందికి ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ డిగ్రీ చెల్లుతుందో లేదో చూడాలి

చెల్లని డిగ్రీకి పెట్టిన డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. అందుకే ఏ లెక్కయినా ఇక్కడ మొదలవ్వాలి.

మన దేశంలో దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలను యూజీసీ 2020 నిబంధనలు నడిపిస్తున్నాయి. వాటి ప్రకారం అనుమతి పొందిన యూనివర్సిటీ ఇచ్చే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. అయితే యూనివర్సిటీ పేరున్నదైతే సరిపోదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే విద్యా సంవత్సరానికి, ఆన్‌లైన్ లేదా దూరవిద్య విధానానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో చూసుకోవాలి. చేరేటప్పుడు ఆ విభాగం పోర్టల్‌లో విద్యార్థి తన పేరున డీఈబీ ఐడీ తీసుకోవాలి. ఈ ఐడీ ఊసే ఎత్తకుండా "ఫీజు కట్టేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారంటే అక్కడే ఆగిపోవడం మంచిది.

ఇంకో రెండు విషయాలు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం లాంటి కోర్సులను ఈ విధానాల్లో నడపడానికి వీల్లేదు. అలాగే ఫ్రాంచైజీలకు ఇచ్చి నడపడం కూడా నిషేధం. మెయిన్ రోడ్డు మీద రెండు గదుల ఆఫీసు పెట్టి, నాలుగు యూనివర్సిటీల బోర్డులు తగిలించి "ఏడాదిలో డిగ్రీ" అనేవాళ్ల దగ్గరికి మన కుటుంబాలవాళ్లు కూడా వెళ్తున్నారు. ఆ సర్టిఫికెట్టు ఉద్యోగంలో వెరిఫికేషనుకు వెళ్లిన రోజున ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

గంటల లెక్క

డిగ్రీని "మూడేళ్లు" అని చెప్పుకుంటాం. కానీ అది ఎన్ని గంటలో చూస్తేనే అసలు ఖరీదు తెలుస్తుంది.

ఇగ్నో సాధారణ బీఏ డిగ్రీని ఉదాహరణగా తీసుకుందాం. 2022లో అది మొత్తం 132 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పాఠం చదవడం, వీడియో చూడడం, అసైన్‌మెంటు రాయడం అన్నీ అందులోకే వస్తాయి. అంటే 132 × 30 = 3,960 గంటలు. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు.

ఇప్పుడు వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో చూడండి.

వారానికి 25 గంటలైతే దాదాపు 158 వారాలు, అంటే మూడేళ్లు.
వారానికి 15 గంటలైతే 264 వారాలు, అంటే ఐదేళ్లు.
వారానికి 10 గంటలైతే 396 వారాలు, అంటే ఏడున్నరేళ్లు. గరిష్ఠ కాలం దాటిపోతుంది.

ఈ 30 గంటలు ఒక అంచనా. కామర్స్ చదివినవాళ్లకు అకౌంట్స్ పేపరు ఇంకా తక్కువలో అయిపోవచ్చు. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయనివాళ్లకు ఇంగ్లీషు పేపరుకు ఎక్కువే పట్టవచ్చు. అయినా చేరకముందు వేసే లెక్కకు ఇదే మంచి కొలబద్ద.

మా ఆవిడ ఒక వారం రోజులు చిన్న నోటుబుక్కులో తనకు నిజంగా ఖాళీ దొరికిన సమయం రాసింది. పొద్దున ఐదింటి నుంచి బాబు లేచేదాకా కొంత, మధ్యాహ్నం ఒక గంట. అది కూడా గ్యాస్ బండ వచ్చిన రోజున, మా అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజున లేదు. వారం చివర కూడితే తొమ్మిది గంటలు తేలింది. ఆ లెక్కన ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. అంటే ఉన్న పరిస్థితిలోనే చేరి ఉంటే, ఫీజు ఎంత కట్టినా ఆ డిగ్రీ పూర్తయ్యేది కాదు.

మరి పాత బీకాం రెండేళ్లు కలవవా అని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. కొన్ని యూనివర్సిటీలు పాత బ్యాక్‌లాగు విద్యార్థులకు అప్పుడప్పుడూ ప్రత్యేక అవకాశం ప్రకటిస్తుంటాయి. అలాంటిది దొరికితే అన్నింటికంటే చవక అదే, కనుక ముందు పాత యూనివర్సిటీనే అడగాలి. ఇప్పటి విద్యార్థులకు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది. మన ఖాతాలో డబ్బులా అందులో క్రెడిట్లు జమవుతాయి, సాధారణంగా ఏడేళ్ల దాకా చెల్లుతాయి. ఈ మధ్యే చదువు ఆపినవాళ్లు ఆ గడువు లోపల మళ్లీ చేరితే మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పవచ్చు. పద్దెనిమిదేళ్ల నాటి మా మెమోలకు ఆ దారి లేదు. మొదటి నుంచే చేరాల్సి వచ్చింది.

డబ్బుతో ఏం కొనగలం?

చాలామంది అనుకునేదేమంటే, ఎక్కువ ఫీజు కడితే డిగ్రీ త్వరగా వస్తుందని. మూడేళ్ల డిగ్రీకి అనుమతి ఉన్న చోట ఎక్కడ చేరినా సాధారణంగా కనీస కాలం మూడేళ్లే. లక్షన్నర కట్టినా, ముప్పై వేలు కట్టినా ఆ మూడేళ్లు తగ్గవు, చదవాల్సిన గంటలూ తగ్గవు.

ఎక్కువ ఫీజుతో వచ్చేవి వేరు: రికార్డు చేసిన పాఠాలు, ఫోను చేస్తే జవాబు చెప్పే మనిషి, ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలు. క్రమశిక్షణ కుదరనివాళ్లకు, మారుమూల పోస్టింగుల్లో ఉన్నవాళ్లకు వాటి విలువ నిజంగానే ఉంటుంది. కానీ మంచి పాఠాలు ఉచితంగానూ దొరుకుతాయి. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈజ్ఞానకోశ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. 2017లో మొదలైన స్వయం పోర్టల్‌లో వీడియో పాఠాలు ఉచితం.

ఫీజు ఈఎంఐలో కట్టేవాళ్లు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. లక్షన్నర అప్పు, 10 శాతం వడ్డీ, మూడేళ్ల కాలం అనుకుందాం. నెలకు దాదాపు 4,840 రూపాయలు. మొత్తం కట్టేది 1,74,000 పైచిలుకు. అంటే వడ్డీయే 24 వేలు. చదువు మధ్యలో ఆపేసినా ఈఎంఐ ఆగదు, ఎందుకంటే అది యూనివర్సిటీకి కట్టే ఫీజు కాదు, అప్పిచ్చినవాళ్లకు కట్టే కిస్తీ. "నో కాస్ట్ ఈఎంఐ" అన్నా అది అప్పే, సంతకం పెట్టేముందు అప్పు ఎవరిస్తున్నారో చదవండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. బ్యాంకు నుంచి తీసుకున్న విద్యారుణం మీద కట్టే వడ్డీకి, మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది. మన కోసం, భార్య లేదా భర్త కోసం, పిల్లల కోసం తీసుకున్నదైనా వర్తిస్తుంది. అదే అవసరానికి పర్సనల్ లోన్ వాడితే ఈ మినహాయింపు రాదు.

డబ్బుతో కొనగలిగింది ఇంకొకటి ఉంది, అది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. ఇంట్లో గంటలు. మేం అంట్లకూ, ఇల్లు ఊడ్చి తుడవడానికీ, కూరలు తరగడానికీ నెలకు మూడు వేలకు ఒకామెను పెట్టుకున్నాం. ఆదివారాలు ఆమెకు సెలవు. రోజుకు రెండు గంటల చొప్పున వారానికి పన్నెండు గంటలు మిగిలాయి. ఏడాదికి 36 వేల ఖర్చుకు 624 గంటలు, అంటే గంటకు 58 రూపాయలు. ముందున్న తొమ్మిదికి ఈ పన్నెండు కలిపితే వారానికి ఇరవై ఒకటి. ఎనిమిదేళ్ల పైన పట్టే డిగ్రీ మూడేళ్ల ఏడు నెలలకు దిగింది.

క్యాలెండరు కాగితం మీద నేను లక్షన్నర పెట్టడానికి సిద్ధపడ్డాను. పనిమనిషికి ఇచ్చింది, ఓపెన్ యూనివర్సిటీకి కట్టింది కలిపినా అంత ఖర్చే అయింది. తేడా ఏమంటే, ఆ డబ్బు ఈసారి సరైన చోట పడింది. "మరి ఆ రెండు గంటల పని మీరు చేయొచ్చుగా?" అని మా ఆవిడ అప్పుడే అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆదివారం వంట, బాబును ట్యూషనుకు దింపడం అప్పటి నుంచి నావి.

తప్పిపోయిన పరీక్ష ఖరీదు

కనీస కాలాన్ని డబ్బుతో తగ్గించలేం సరే, మరి నాలుగేళ్లు, ఐదేళ్లు ఎందుకవుతున్నాయి? నా అనుభవంలో సమాధానం ఒకటే: తప్పిపోయిన పరీక్షలు.

ఇగ్నో లాంటి చోట టర్మ్ ఎండ్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. ఒకటి తప్పితే ఆరు నెలలు ఆగాలి. మళ్లీ పరీక్ష ఫీజు కట్టాలి. అంతకన్నా పెద్ద నష్టం, ఆరు నెలల్లో చదివింది సగం మరిచిపోవడం.

నేను దూరవిద్యలో ఎంబీఏ చేస్తున్నప్పుడు ఒక జూన్ పరీక్ష ట్రాన్స్‌ఫర్ హడావుడిలో పోయింది. ఇంకోటి 2016 డిసెంబరుది. పరీక్ష ఫీజు కట్టేశాను, పుస్తకాలు సగం పూర్తిచేశాను. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. ఆ తరువాత రెండు నెలలు మనమంతా ఎలా గడిపామో మీకు తెలుసు. పుస్తకం ముట్టుకున్న రోజు లేదు. మూడేళ్లలో అవ్వాల్సిన డిగ్రీకి నాలుగేళ్లు పట్టింది. నోట్ల రద్దు ఎవరి చేతిలోనూ లేదు. కానీ జూన్ పరీక్ష నేను కాపాడుకోగలిగేవాణ్ణే. పరీక్ష ఫారం నింపేటప్పుడే కేంద్రాన్ని ఎంచుకునే వీలుంది. ట్రాన్స్‌ఫర్ రావచ్చని తెలిసీ పాత ఊరి కేంద్రమే పెట్టాను.

అందుకని, మన ఇళ్లలో చదువుకునేవాళ్లు చేరిన రోజే పరీక్ష నెలలను ఇంటి క్యాలెండరులో గుర్తుపెట్టుకోవాలి. మార్చి క్లోజింగు, మే, జూన్ ట్రాన్స్‌ఫర్లు, పిల్లల బోర్డు పరీక్షలు, పెళ్లిళ్ల ముహూర్తాలు వాటితో పోల్చి చూసుకోవాలి. ఒక సెషన్‌లో అన్ని పేపర్లూ కుదరవనిపిస్తే రెండు పేపర్లైనా రాయాలి. సెషన్ మొత్తం వదిలేయడం అన్నింటికంటే ఖరీదైన పని. అసైన్‌మెంట్లు కూడా గడువు లోపల ఇచ్చేయాలి. ఇగ్నోలో చాలా పేపర్లకు తుది మార్కుల్లో వాటి వాటా 30 శాతం. అది ఇంట్లో కూర్చుని సంపాదించుకోగలిగే వాటా.

గడువు ఉన్నవాళ్ల లెక్క వేరు

మా ఆవిడ డిగ్రీకి మూడేళ్లు పట్టినా, మూడేళ్ల ఏడు నెలలు పట్టినా పెద్ద తేడా లేదు. అందరికీ అలా ఉండదు.

మా బ్రాంచిలో సబ్ స్టాఫ్‌గా పనిచేసే ఆయన ఒక మధ్యాహ్నం నా క్యాబిన్‌లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన కూతురు దూరవిద్యలో బీకాం చదువుతూ మందుల షాపులో తొమ్మిది వేలకు పనిచేస్తోంది. నాలుగు పేపర్లు మిగిలాయి. పరీక్షలు మూడు నెలల్లో. "షాపులో రాత్రి తొమ్మిదిన్నర అవుతోంది సార్. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే నిద్రొస్తోందంటోంది. పని మానిపించమంటారా? ఆ తొమ్మిది వేలతోనే మా ఇంటి అద్దె వెళ్తోంది" అన్నాడు.

ఆ అమ్మాయికి ఇరవై ఏడు. ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు సాధారణ వయోపరిమితి 28, ప్రొబేషనరీ ఆఫీసరుకు 30. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది, కానీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీనాటికి డిగ్రీ మాత్రం పాసై ఉండాలి. ఈ సెషన్ తప్పితే డిగ్రీ ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఆ ఆరు నెలల మధ్యలో నోటిఫికేషన్ తేదీ పడితే, పోయేది ఒక ఏడాది మొత్తం.

లెక్క ఇలా తేలింది. మూడు నెలలు పని మానేస్తే ఇంటికి 27 వేలు నష్టం. మానకపోతే ఒక ఏడాది అవకాశం పోయే ప్రమాదం. ఇరవై ఏడేళ్ల వయసులో అలాంటి ఏడాదులు మిగిలేవే కొన్ని. నేను మానిపించమనే చెప్పాను. అద్దెకు ఇబ్బంది లేకుండా పండుగ అడ్వాన్సు ఆ నెలలకు వాడుకున్నాడు. అమ్మాయి నాలుగు పేపర్లూ పాసైంది. ఆ ఏడు క్లర్క్ పరీక్ష ప్రిలిమ్స్ దాటింది, మెయిన్స్‌లో ఆగింది. మళ్లీ రాస్తోంది. కానీ రాయగలుగుతోంది, అదీ ముఖ్యం.

రెండు ఇళ్లు, రెండు జవాబులు. గడువు లేనివారు డబ్బు మిగుల్చుకుని కాలం కొంచెం ఎక్కువ తీసుకోవచ్చు. గడువు ఉన్నవారు డబ్బు వదులుకునైనా కాలాన్ని పట్టుకోవాలి. మన ఇల్లు ఏ రకమో తెలియకుండా పక్కింటివాళ్లు ఏం చేశారో చూసి నిర్ణయం తీసుకుంటేనే నష్టపోతాం.

కూర్చుని వేసుకోవాల్సిన లెక్క

చేరేముందు ఇంట్లో అందరూ ఒక గంట కూర్చుని ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

ఒకటి, ఆ కోర్సుకు ఈ ఏడాదికి యూజీసీ అనుమతి ఉందా?
రెండు, మొత్తం ఎన్ని క్రెడిట్లు, ఎన్ని గంటలు? పాత క్రెడిట్లు ఏవైనా కలుస్తాయా?
మూడు, ఒక వారం నిజంగా రాసి చూస్తే ఎన్ని గంటలు దొరికాయి? తక్కువైతే ఆ గంటలు ఎవరిస్తారు, లేదా ఎంతకు వస్తాయి?
నాలుగు, వయోపరిమితి, ప్రమోషన్, నోటిఫికేషన్ లాంటి గడువు ఏదైనా ఉందా?
ఐదు, మధ్యలో ట్రాన్స్‌ఫర్ వస్తే పరీక్ష ఎక్కడ రాస్తారు?

వీటికి జవాబులు వచ్చాకే ఫీజు గురించి మాట్లాడండి. మూడో ప్రశ్నకు జవాబు చదివేవాళ్లు ఒక్కరే రాయకూడదు. ఇంట్లో ఉన్న అందరూ కలిసి రాయాలి.

ఆ రోజు నేను "ప్రయోజనం" ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టానని చెప్పాను కదా. దానికి జవాబు మా ఆవిడ తరువాత ఎప్పుడో చెప్పింది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో నా పాత బ్రాంచి సహోద్యోగి ఒకాయన పోయారు. కారుణ్య నియామకం దరఖాస్తు నింపడానికి ఆయన భార్యకు తోడుగా మా ఆవిడ కూర్చుంది. చదువు గడి దగ్గర ఆవిడ కలం ఆగిపోయిందట. ఏ కేడర్‌కు అర్హత ఉందో చూసేటప్పుడు ఆ గడే కదా చూస్తారు. "డిగ్రీ రెండేళ్లు చదివాను, అది రాయొచ్చా?" అని ఆమె అడిగిందట. మా ఆవిడ దగ్గర జవాబు లేదు. తనవీ రెండేళ్లే.

ఆ మాట విన్నాక నా కాగితం గుర్తొచ్చి సిగ్గనిపించింది.

ఇప్పుడు మా ఆవిడకు రెండు పేపర్లు మిగిలాయి, వచ్చే డిసెంబరు సెషన్‌లో రాస్తుంది. బాబు ఇంటర్ పూర్తి చేశాడు. డైనింగ్ టేబుల్‌కు అటు చివర వాడి పుస్తకాలు, ఇటు చివర ఆమె పుస్తకాలు. నాకు మళ్లీ ట్రాన్స్‌ఫర్ రావచ్చంటున్నారు. పరీక్ష ఫారం నింపేటప్పుడు కేంద్రం గడి దగ్గర ఆమె నన్ను పిలిచి, "ఎక్కడ పెట్టమంటారు, ఈసారి ఆలోచించి చెప్పండి" అంది. రెండు రోజులు ఆలోచించే చెప్పాను.